వేకువ నీళ్ళు

ఆమెను అందరూ నీళ్ళక్క అంటారు. తమ్ముడు అక్కా అని పిలుస్తాడు కాబట్టి అలా మొదలైంది. తరవాత వరసలున్నవాళ్ళూ లేనివాళ్ళూ, ఆమె కన్నా పదేళ్ళు పెద్దవాళ్ళూ, ఆఖరికి కరెంటు మీటరు చూడ్డానికొచ్చే మనిషి కూడా నీళ్ళక్కే అన్నారు. ఆమె ఎవరినీ వద్దనలేదు. నిజం చెప్పాలంటే ఆ పేరంటే ఆమెకి కొంచెం గర్వం. ఆ గర్వాన్ని దాచుకోవడం మాత్రం ఆమెకి చేతకాదు.

వాళ్ళది ఆల్చిప్పల హేచరీ. సముద్రపు పాయ ఒడ్డున రేకుల కప్పు వేసిన పొడుగాటి షెడ్డు, ఒక పక్కన మేడ మీద ఇల్లు. తల్లి ఆల్చిప్పల చేత గుడ్లు పెట్టించి, కంటికి ఆనని పిల్లల్ని ఇసక రేణువంత అయ్యేదాకా సాకి, పాయ పొడుగునా ఆల్చిప్పలు పెంచేవాళ్ళకి ఇస్తారు. తమ్ముడు యజమాని. మోటార్లు, బేరాలు, కోపాలు అతని వంతు. అతని కూతురు మైక్రోస్కోపు ముందు కూర్చుంటుంది. నీళ్ళక్క భర్త మేత పండిస్తాడు. ఈ మేత గడ్డీ కాదు, గాదమూ కాదు. తెల్లటి ట్యూబులైట్ల ముందు నిలువెత్తు గాజు గొట్టాల్లో పెరిగే నాచు. ఏళ్ళ తరబడి ఆ పనిలో నానిన ఆయన గోళ్ళ అంచులు ఎంత తోమినా పచ్చగానే ఉంటాయి. అందుకని ఆయన పచ్చాయన అయ్యాడు.

ఇక నీళ్ళు ఆమెవి. పాయలోకి దించిన పైపుకి వాల్వు తిప్పేది ఆమే, ఇసక వడపోత కడిగేది ఆమే, గుడ్డసంచీలోంచి ట్యాంకులోకి జారే నీటిని దోసిట్లో పట్టి నాలిక మీద వేసుకుని ఉప్పెంతుందో చెప్పేదీ ఆమే. మేనకోడలి దగ్గర దానికో పరికరం ఉంది, ఇద్దరి లెక్కా ఇంచుమించు ఒకటే అయ్యేది. పెళ్ళయ్యాక ఆమె భర్త ఊరికి వెళ్ళిపోవాల్సింది. నీళ్ళు ఎవరు చూస్తారని కాలు కదపలేదు. దాంతో ఆయనే తన వాళ్ళనందరినీ వదిలి ఇటు వచ్చేశాడు. అత్తవారింట ఉండిపోయిన మగాణ్ణి లోకం ఎన్ని మాటలంటుందో ఆయనకి తెలుసు. మేతగదిలో తన చేతికి తిరుగులేదన్న ధైర్యంతో వాటిని నవ్వుతూ దులిపేసుకున్నాడు.

నీళ్ళు పట్టే వేళ విషయంలో ఆమె ఎవరి మాటా వినేది కాదు. షెడ్డు కట్టిన తండ్రి పెట్టిన పద్ధతి అది: నీళ్ళు వేకువనే పట్టాలి. గాలి లేవక ముందు, పడవలు కదలక ముందు పాయ అడుగు కనిపించేంత తేటగా ఉంటుంది. ఎండెక్కాక పడితే బురద, గడ్డిపీచు, నురగ. పసిపిల్లలకి ఎవరైనా మురికి నీళ్ళు పోస్తారా అనేవాడాయన. ఆ మాట పట్టుకుని, జుట్టు నెరిసేదాకా ఆమె ఒక్క పొద్దు కూడా తప్పలేదు. జ్వరమొచ్చిన రోజున దుప్పటి కప్పుకుని మెట్లు దిగి వచ్చి వాల్వు తిప్పింది.

అలాంటిది, ఆ వేసవిలో పిల్లలు చావడం మొదలైంది.

మొదటి విడత గుడ్లు బాగానే పడ్డాయి. రెండో రోజుకి, ట్యాంకులో ఈదులాడాల్సినవి అడుగున తెల్లటి పొడిలా పేరుకున్నాయి. ఈ పనిలో అప్పుడప్పుడూ తప్పదని సరిపెట్టుకున్నారు. రెండో విడతా అంతే. తమ్ముడు నిప్పులు చెరిగాడు. ట్యాంకులన్నీ బ్లీచింగుతో తోమించాడు, పైపులు మార్చాడు, గాలిగొట్టాలు మార్చాడు. తోమీ తోమీ అందరి చేతులూ బొబ్బలెక్కాయి. నీళ్ళక్క తన వంతుగా ఇంకాస్త జాగ్రత్త పడింది. తెల్లవారుతుండగా పట్టే నీళ్ళని చీకటి విడవక ముందే పట్టడం మొదలుపెట్టింది. ఆ రోజుల్లో తీరం వెంట గాలి ఆగకుండా కొడుతోంది. కొట్టిన కొద్దీ పాయలోకి వచ్చే నీళ్ళు చల్లబడి అద్దంలా తేటపడ్డాయి. ఇంత మంచి నీళ్ళు నా జన్మలో చూడలేదని ఆమె కనిపించినవాళ్ళందరికీ చెప్పింది. మూడో విడత మొదటి రెండిటికన్నా త్వరగా పోయింది.

ట్యాంకులు శుభ్రం, పైపులు కొత్తవి, నీళ్ళు అద్దం. ఇక మిగిలింది ఒక్కటే. అదేమిటో అందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పలేదు. చివరికి తమ్ముడే విప్పాడు, మధ్యాహ్నం భోజనాల దగ్గర.

"బావా, ఏమీ అనుకోకు. మేతలో ఏదో తేడా ఉంది."

పచ్చాయన తింటున్నవాడల్లా చెయ్యి ఆపాడు. "నా మేతలోనా?"

"మేత మొదలుపెట్టిన రోజే పోతున్నాయి. మూడుసార్లూ అంతే. కళ్ళు మూసుకుని ఎలా కూర్చోమంటావు?"

"మీ అక్కని అడుగు. నా మేత ఎలాంటిదో తనకి తెలుసు."

అందరూ ఆమె వైపు చూశారు. ఆమెకి తెలుసు కూడా. రంగు కొంచెం మారితే ఆయన గొట్టాలకి గొట్టాలే పారబోయడం ఆమె కళ్ళారా చూసింది. కానీ మేత మంచిదంటే మిగిలేది నీళ్ళే. ఆ వైపు ఆలోచన పోనివ్వడానికి ఆమె మనసొప్పలేదు. జీవితమంతా నీళ్ళు రుచి చూసిన మనిషి ఆ పూట నీళ్ళు నమిలింది.

"ఏమో మరి. నీళ్ళయితే బాగానే ఉన్నాయి," అంది.

ఆ ఒక్క మాటా చాలు. పచ్చాయన కంచం ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నాడు. తమ్ముడు మాత్రం దాన్ని తీర్పు కింద తీసుకుని మిగతాది చెప్పేశాడు. ఇంకొక్క విడతే ఉంది, ఆ తరవాత తల్లి ఆల్చిప్పలు ఈ యేటికి గుడ్లు పెట్టవు. అదీ పోతే బావ ఇక మేతగదిలో అడుగుపెట్టక్కర్లేదు. పక్క రేవులో మేతపని తెలిసినవాడొకడు ఖాళీగా ఉన్నాడు, అతన్ని తెచ్చుకుందాం. బావ హాయిగా గేటు దగ్గర కుర్చీ వేసుకుని వచ్చేపోయేవాళ్ళని చూసుకుంటే సరిపోతుంది. ఇదంతా అతను ఎంతో ఉపకారం చేస్తున్నట్టు చెప్పాడు. ముఖాన తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

మేడ మీద గదిలో పచ్చాయన కిటికీ దగ్గర కూర్చుని బ్రష్షుతో గోళ్ళు తోముకుంటున్నాడు. ఇన్నేళ్ళలో ఆ పచ్చదనం పోగొట్టుకోవాలని ఆయన ఎప్పుడూ ప్రయత్నించలేదు.

"నేనేమన్నానని లేచొచ్చేశారు?" అంది ఆమె.

"నువ్వేమీ అనలేదు."

"మరి?"

"మరేం లేదు. నువ్వేమీ అనలేదు, అంతే."

ఆ తరవాత వాళ్ళిద్దరి మధ్య ఉప్పందుకో, తలుపెయ్యి లాంటి మాటలు తప్ప వేరే మాటల్లేవు. ఆమె కోపం తెచ్చుకోవాలని చూసింది. రాలేదు. వచ్చిందల్లా భయమే. ఆయన్ని గేటు దగ్గర కుర్చీలో ఊహించుకుంటే కంచం పక్కకి తోసేసేది. అయినా తమ్ముడి దగ్గరికి వెళ్ళి, మీ బావ మేతకి వంక పెట్టలేం అని చెప్పడానికి కాళ్ళు రాలేదు.

ఆఖరి విడత తల్లుల్ని రెండు సగాలు చేశారు. ఒక సగం మొదటి రోజు, రెండో సగం మర్నాడు. మొదటి రోజు గుడ్లు ట్యాంకులో పడగానే పచ్చాయన మేతగదికి తాళం వేసి, తాళంచెవి అందరూ చూస్తుండగా జేబులో వేసుకున్నాడు.

"ఇదేంటి బావా?" అన్నాడు తమ్ముడు.

"ఈసారి చుక్క మేత కూడా వెయ్యను. అమ్మాయి మైక్రోస్కోపులో చూసి పిల్లలు నిక్షేపంలా ఉన్నాయని చెప్పాకే తాళం తీస్తా. అప్పుడు నా మేత తిని చస్తే, గేటు దగ్గర కుర్చీ నేనే తెచ్చి వేసుకుంటా."

"ఈలోగా ఆకలితో చస్తే?"

"మొదటి రోజు వాటికి తినడానికి నోరే సరిగ్గా రాదు. గుడ్డులోంచి తెచ్చుకున్న సత్తువతోనే గుల్ల కట్టుకుంటాయి. కావాలంటే నీ కూతుర్ని అడుగు."

కూతురు తలూపింది. తమ్ముడు ముఖం మాడ్చుకుని ఊరుకున్నాడు. కానీ మర్నాడు పొద్దున్నే పక్క రేవుకి బయల్దేరాడు. ఫలితం తేలకుండానే కొత్త మేతమనిషిని తేవడానికి వెళ్ళాడంటే అతని మనసులో ఫలితం ఎప్పుడో తేలిపోయిందన్నమాట.

అతను అటు వెళ్ళిన కాసేపటికి మేనకోడలు మైక్రోస్కోపు మీంచి తలెత్తింది.

"అత్తా, ఇలా రా. మావయ్య మేత వేశారా?"

"తాళమే తియ్యలేదుగా."

"అయితే చూడు."

ఆమె కన్ను ఆనించి చూసింది. ఒకరోజు పిల్ల ఇంగ్లీషు డి అక్షరంలా ఉండాలి, ఒక పక్క తిన్నగా, ఒక పక్క వంపుగా, గాజు పెంకుల్లాంటి రెండు గుల్లలతో. ఇక్కడ తిన్నగా ఉండాల్సిన అంచు లోపలికి నొక్కుకుపోయింది. కొన్నిటి గుల్ల ఎవరో కొరికినట్టుంది. కొన్నిటికి గుల్లే లేదు, లోపలి మెత్తటి ముద్ద బయటపడి ఉన్నచోటే గిరగిరా తిరుగుతోంది.

"ఇంకా వీటి నోట్లో ఏమీ పడలేదత్తా. మేత కాదు," అంది మేనకోడలు మెల్లగా.

మేత కాకపోతే ఇంకేమిటో ఆ పిల్ల అనలేదు, అత్త ముఖం చూసి ఆగిపోయింది. షెడ్డులో ఇంకెవరూ లేరు. ఆ క్షణంలో నీళ్ళక్కకి ఒక ఆలోచన వచ్చింది. తల్లులు ముసలివైపోయాయి, గుడ్లలోనే సారం లేదు అంటే సరి. ఎవరూ కాదనలేరు. ఆ ఆలోచన వచ్చినందుకు ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది. కానీ వచ్చిన మాట నిజం, వెంటనే పోలేదన్నదీ నిజమే. అవతల రెండో ట్యాంకు ఆమె చీకట్లో పట్టిన అద్దంలాంటి నీళ్ళతో నిండుగా ఉంది. గుడ్లు పెట్టించడానికి గోరువెచ్చని తొట్టిలో దించిన మిగతా సగం తల్లులు అప్పటికే నోళ్ళు తెరుస్తున్నాయి.

మేనకోడలు ముందురోజే ఒకావిణ్ణి రమ్మని ఫోన్ చేసి ఉంచింది. పాయ ముఖద్వారంలో పసుపుపచ్చ తేలుడుబుంగ ఒకటి ఉంటుంది, దాని కింద నీటిని పరీక్షించే పరికరాలు వేలాడుతుంటాయి. ఆ బుంగని చూసుకునేది ఈవిడే. సముద్రానికి జ్వరం చూస్తుందని తమ్ముడు ఆవిడకి సముద్రం డాక్టరని పేరు పెట్టాడు. ఆవిడ మధ్యాహ్నానికి వచ్చి, రెండో ట్యాంకులో చేతి పరికరం ముంచి, దాన్ని చూసి, మళ్ళీ ముంచి చూసింది.

"ఎప్పుడు పట్టారమ్మా ఈ నీళ్ళు?"

"చీకటి ఉండగానే," అంది నీళ్ళక్క. గర్వం లేకుండా ఆ మాట అనడం ఆమెకి అదే మొదటిసారి.

సముద్రం డాక్టరు తొట్టి అంచు మీద కూర్చుంది. "మనం కాల్చే బొగ్గూ, పెట్రోలూ వదిలే పొగ ఉంది చూశారూ, అందులోని కార్బన్ డయాక్సైడులో ఇంచుమించు నాలుగోవంతు సముద్రం మింగేస్తుంది. చల్లటి నీళ్ళయితే ఇంకా ఎక్కువ మింగుతాయి, చల్లటి సోడాలో గ్యాసు నిలిచినట్టు. ఆ నీళ్ళు బరువెక్కి అడుక్కి దిగిపోతాయి. పైన బతికే నాచు కూడా కొంత గ్యాసు తింటుంది, చచ్చి కిందికి రాలుతుంది, అక్కడ కుళ్ళి మళ్ళీ ఆ గ్యాసే అవుతుంది. అలా అడుగున ఏళ్ళకేళ్ళు పేరుకుంటుంది."

"అడుగున ఉంటే మనకేం?"

"అడుగునే ఉంటే మనకు మేలే. ఈ గాలి చూడండి, తీరం వెంట కొడుతూ పైనీళ్ళని అవతలికి నెట్టేసింది. ఆ ఖాళీలోకి కింది నీళ్ళు పైకొచ్చాయి. అందుకే అంత చల్లగా, అంత తేటగా ఉన్నాయి. ఈ ట్యాంకులో నీళ్ళు ఇంతకుముందు గాలిని చూసింది బహుశా మీరు గౌన్లేసుకున్న రోజుల్లో."

నీళ్ళక్క ట్యాంకు వైపు చూసింది. మేనకోడలు అడిగింది, "మరి గుల్లలకేమవుతోంది?"

"ఆ గ్యాసు నీళ్ళలో కరిగితే ఒకరకం ఆమ్లం పుడుతుంది. గుల్లకి కావలసిన సరుకుని అది ముందే లాగేసుకుంటుంది. పెద్ద ఆల్చిప్ప ఎలాగో తట్టుకుంటుంది. ఒకరోజు పిల్లకి ఉన్న సత్తువంతా మొదటి గుల్లకే సరి, అది కట్టలేకపోతే ఇంకేం లేదు. పైగా రాత్రంతా పాయలో ప్రాణులన్నీ ఊపిరి వదుల్తూనే ఉంటాయి. అదే గ్యాసు. దాన్ని తినాల్సిన నీటిగడ్డి ఎండొస్తే గానీ తినదు. తెల్లవారేసరికి నీళ్ళలో గ్యాసు నిండుగా ఉంటుంది, మధ్యాహ్నం దాటాక తగ్గుతుంది. రోజు మొత్తంలో ఇంతకన్నా చెడ్డ వేళ లేదమ్మా."

"ఆమ్లమంటే పులుపే గదా. నా నాలిక్కి తెలియలేదే," అంది నీళ్ళక్క.

"ఎవరి నాలిక్కీ తెలియదు. నాకూ పరికరం లేకపోతే తెలియదు."

చీకటి విడవక ముందే నీళ్ళు పట్టిన రోజులన్నీ, ఇంత మంచి నీళ్ళు చూడలేదని మురిసిపోయిన రోజులన్నీ ఆమె కళ్ళ ముందు తిరిగాయి. జాగ్రత్త పెంచిన కొద్దీ చంపింది.

సరిగ్గా అప్పుడే గేటు చప్పుడైంది. తమ్ముడు, వెనకాల భుజాన సంచీతో కొత్త మేతమనిషి. తొట్టిలో తల్లులు గుడ్లు వదలడం మొదలుపెట్టాయి. తెల్లటి పొగలా గుడ్లు నీటిలో పరుచుకుంటుంటే మేనకోడలు వాటిని బకెట్లలోకి తీస్తోంది. అలికిడి విని పచ్చాయన మేతగది గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. కొత్తవాణ్ణి చూశాడు, అతని సంచీని చూశాడు.

కూతురు జరిగిందంతా గబగబా చెప్పింది. తమ్ముడు పూర్తిగా వినకముందే చిరాకుపడ్డాడు.

"డాక్టరమ్మా, మా నాన్న కాలం నుంచీ వేకువ నీళ్ళే. ఇవాళొచ్చి గడ్డీ గాదం తేలే నీళ్ళు పొయ్యమంటారా? ఇవి ఆఖరి గుడ్లు. పోతే ఈ యేటికి తలుపులు మూసుకోవాల్సిందే."

"మధ్యాహ్నపు నీళ్ళలో అన్నీ బతుకుతాయని నేను చెప్పలేను. వీటిలో బతకవని మాత్రం చెప్పగలను," అంది ఆవిడ.

"బకెట్లలో గుడ్లు ఎంతసేపుంటాయి?" అన్నాడు కొత్త మేతమనిషి, ఎవరూ అడక్కుండానే.

"ఎక్కువసేపు ఉండవు," అంది మేనకోడలు.

తమ్ముడు అందరినీ చూసి, చివరికి అక్క వైపు తిరిగాడు. "అక్కా, నువ్వు చెప్పు. నీళ్ళు నీవి. బాగున్నాయని నువ్వంటే ఈ ట్యాంకులోనే పోస్తాను. ఎవరేమన్నా వినను."

అంత నమ్మకం ఆమె నెత్తిన బండరాయిలా పడింది. బాగున్నాయంటే చాలు, తండ్రి మాట నిలుస్తుంది, తన పేరు నిలుస్తుంది. గుడ్లు పోతాయి, ఆ పాపం ఎలాగూ మేత మీదికే పోతుంది, ఇదిగో కొత్తమనిషి సంచీతో సహా సిద్ధంగా ఉన్నాడు. గుమ్మంలో పచ్చాయన ఆమెను చూడటం లేదు. తాళంచెవిని పిడికిట్లో పట్టుకుని నేల వైపు చూస్తున్నాడు. ఆమె జవాబు ఏమిటో ముందే విన్న మనిషిలా నిలబడ్డాడు.

ఆమె ట్యాంకు కిందికి వంగి అడుగు వాల్వు పట్టుకుంది. తుప్పుకి బిగుసుకుపోయిన వాల్వు ఒక పట్టాన తిరగలేదు. రెండు చేతులతో, నడుం ఆనించి తిప్పింది. నీళ్ళు ఎగదన్ని గచ్చు మీదికి వచ్చి, కొత్త మేతమనిషి బూట్లు తడిపి, గుమ్మం వైపు పారాయి.

"నీళ్ళు బాగోలేవు," అంది ఆమె లేవకుండానే. "మూడుసార్లూ నీళ్ళే. మీ బావ మేత ఎప్పుడూ చెడిపోలేదు, ఆ సంగతి నాకు భోజనాల దగ్గరే తెలుసు. పిల్లల్ని చంపింది నేను."

తమ్ముడు మోటారు వెయ్యడానికి పరిగెత్తాడు.

తరవాత మాట్లాడుకోవడానికి తీరిక లేదు. సముద్రం డాక్టరు బకెట్ల నీళ్ళలో ఆమ్లాన్ని విరవడానికి చాకలి సోడా తెప్పించి, తూచి, చిటికెడు చిటికెడు కలిపించింది. గుడ్లు అడుక్కి చేరి ఒకదాని మీదొకటి పడకుండా కలుపుతూ ఉండాలి. మేనకోడలు ఒక బకెట్టు, డాక్టరమ్మ ఒకటి. తడిసిన బూట్లు విప్పేసి కొత్త మేతమనిషి ఒకటి పట్టుకున్నాడు. ఇంకో బకెట్టు మిగిలింది. పచ్చాయన వచ్చి దాని ముందు గొంతుక్కూర్చున్నాడు.

నీళ్ళక్క మెయిన్ వాల్వు తిప్పింది. చుర్రుమనే ఎండలో పైపులోంచి వచ్చిన నీళ్ళు మసకగా, పీచుపీచుగా ఉన్నాయి. గుడ్డసంచీలు ఒకదాని మీదొకటి మూడు తొడిగింది. అవి పూడుకుపోతుంటే విప్పి ఉతికి మళ్ళీ తొడిగింది. అలవాటు కొద్దీ దోసిట్లో పట్టి నాలిక మీద వేసుకుంది. వేకువ నీళ్ళకీ వీటికీ రుచిలో వీసమెత్తు తేడా లేదు. దానికే ఆమెకి ఎక్కువ భయం వేసింది. ట్యాంకు సగానికి వచ్చేసరికి బకెట్ల దగ్గర్నుంచి మేనకోడలు, "అత్తా, ఇంక ఆగవు," అంది. నిండలేదన్నా వినకుండా సగం ట్యాంకులోనే గుడ్లు పోసేశారు. మిగతా సగం వాటి మీదే, నెమ్మదిగా, చెయ్యి అడ్డుపెట్టి పట్టింది.

మర్నాడు పొద్దున మేనకోడలు మైక్రోస్కోపు ముందు కూర్చుంటే అందరూ చుట్టూ మూగారు. ఆ పిల్ల ఒక చుక్క చూసింది. చుక్క మార్చింది, మళ్ళీ చూసింది. తమ్ముడు అప్పటికే ఆశకి నీళ్ళు వదులుకున్నవాడిలా గోడకి జారబడ్డాడు.

"ఇది డి," అంది చివరికి. "ఇదీ డియే. ఇది కాదు. ఇది డి. ఇది కూడా." తరవాత కన్ను తియ్యకుండానే ముక్కు ఎగబీల్చింది. అన్నీ బతకలేదు. బతికినవి చాలు, ఆ యేటికి తలుపులు తెరిచే ఉంచొచ్చు.

తమ్ముడు తిన్నగా పచ్చాయన దగ్గరికి నడిచాడు. అతనికి క్షమాపణ చెప్పడం అలవాటు లేదు, అందుకని అది కూడా బేరం మాట్లాడినట్టే చెప్పాడు. "బావా, పొరపాటైంది. మనసులో పెట్టుకోకు. గేటూ వద్దు, కుర్చీ వద్దు." పచ్చాయన సరేలే అన్నాడు. కొత్త మేతమనిషి ఆరీ ఆరని బూట్లు వేసుకుని, అందరికీ చెప్పి బయల్దేరాడు.

తాళం తీసిన మేతగదిలోకి నీళ్ళక్క వెళ్ళేసరికి పచ్చాయన గాజు గొట్టంలోంచి మేతని పెద్ద బకెట్లోకి దింపుతున్నాడు. ఆమె గుమ్మం దగ్గరే ఆగింది.

"ఏవండీ. నన్నేదైనా అనండి. తిట్టండి పోనీ."

"తిట్టడానికేముంది," అన్నాడాయన గొట్టం మీంచి చూపు తిప్పకుండా. "నిన్న అందరి ముందూ నిజం చెప్పావు. ఎంత కష్టమో నాకు తెలుసు."

"మరి నాతో ఎందుకు మాట్లాడరు?"

ఆయన గొట్టం కట్టేసి ఆమె వైపు తిరిగాడు. కోపంగా లేడు, అలిసిపోయి ఉన్నాడు. "నీళ్ళు చెడ్డవని తేలింది కాబట్టి నేను మంచివాణ్ణయ్యాను. తేలకపోతే?"

మిమ్మల్ని నేను నమ్మేదాన్ని అందామని ఆమె నోటి దాకా వచ్చింది. అది అబద్ధం. అబద్ధమని ఆయనకి తెలుస్తుందని కూడా ఆమెకి తెలుసు.

"తేలకపోతే నోరు మూసుకునేదాన్ని," అంది. "మిమ్మల్ని గేటు దగ్గర కూర్చోబెడుతుంటే చూస్తూ ఊరుకునేదాన్ని." అని, ఇంక ఆపుకోలేక గుమ్మానికి ఆనుకుని ఏడ్చింది.

పోనీలే అంటాడేమోనని ఆమె ఎదురుచూసింది. ఆయన అనలేదు.

"నేనూ అలాగే అనుకున్నా," అన్నాడు. తరవాత బకెట్టు పిడిని ఆమె వైపు జరిపాడు. "ఆ పక్క పట్టుకో. వాటికి ఆకలేస్తూ ఉంటుంది."

ఆమె కళ్ళు తుడుచుకుని పట్టుకుంది. ఇద్దరూ బకెట్టు తొణక్కుండా ట్యాంకు దాకా మోసుకుపోయారు.